ఆగినదా? ఆపడమైనదా?

నాగులమెట్ట రైతుబజారులో గోంగూర అంటే నూకరాజు, నూకరాజంటే గోంగూర. ఇంటిపేరు పైలా వారన్న సంగతి రేషను కార్డుకు తప్ప మరెవరికీ తెలియదు. పొద్దు పొడవగానే ఏటిగట్టు కింద మళ్ళలో ఆకు కోయించి, కట్టలు కట్టించి, తడిగోనెలు కప్పి, ట్రాలీ ఆటోలో వేసుకుని, తనే నడుపుకుంటూ వచ్చి ఏడున్నరకల్లా బజారులో దించేవాడు. పప్పులోకి ఏ ఆకు, పచ్చడికి ఏ ఆకు, రొయ్యల్లోకి ఏ ఆకు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. పదిహేడేళ్ళుగా అదొక్కటే వ్యాపారం. కాస్త తోటకూర కూడా పెట్టుకోరాదా అని తోటివాళ్ళంటే, ఒక్క ఆకుని తెలుసుకోడానికే ఈ జన్మ చాలేట్టు లేదనేవాడు.

అటువంటి మనిషికి గంజాయి రవాణా కేసులో పదేళ్ళ శిక్ష పడింది. అదెలా పడిందో చెప్పాలంటే ముందు పక్షోత్సవాల గురించి చెప్పాలి.

ఆ ఏడు ప్రభుత్వం వారు మత్తు విముక్త పక్షోత్సవాలు జరిపించారు. మొదటి వారం ర్యాలీలతో, వ్యాసరచన పోటీలతో, చెయ్యి ముందుకు చాచి చేసే ప్రతిజ్ఞలతో గడిచింది. రెండో వారంలో ఫలితాలు చూపించాలన్నారు. ప్రతి స్టేషనూ తన పరిధిని కనీసం ఒక కేసు మేరకైనా మత్తు నుంచి విముక్తం చెయ్యాలి. మా పరిధిలో మత్తు లేదండి అని ఒక ఎస్సై అమాయకంగా రాసి పంపితే, ఉన్నచోట విముక్తం చెయ్యడం ఎవరైనా చేస్తారనీ, లేనిచోట చెయ్యడంలోనే అధికారి సమర్థత బయటపడుతుందనీ పైనుంచి జవాబొచ్చింది.

నాగులమెట్ట ఎస్సై శరభేశ్వరరావు చెడ్డవాడు కాదు. భయస్తుడు. రెండో వారమంతా చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలబడితే దొరికింది ఒక ముసలాయన నశ్యం డబ్బా. దాన్ని కూడా ముసలాయన తుమ్ముతూ వెనక్కి తీసుకుపోయాడు. పదిహేనో రోజు, అంటే ఆఖరి రోజు, పొద్దున్న ఏడింటికి నూకరాజు ట్రాలీ వచ్చింది.

బండి ఆగింది. ఎలా ఆగిందన్న దగ్గరే ఆ తర్వాత చాలాకాలం గడిచిపోయింది కాబట్టి, ప్రస్తుతానికి ఆగిందని మాత్రమే అనుకుందాం.

శరభేశ్వరరావు గోనె ఎత్తి చూశాడు. ఆయన ఇంట్లో గోంగూర తినేవాడే. కానీ కంచంలోకి వచ్చాకే దానితో పరిచయం. ఆకుగా ఉన్నప్పుడు మొహం చూసి ఎరగడు. చెక్‌పోస్టు గోడ మీద పక్షోత్సవాల పోస్టరు అంటించి ఉంది. అందులో ఒక ఆకు బొమ్మ, ఐదు వేళ్ళతో. చేతిలో ఆకుని బొమ్మ పక్కన పెట్టి చూశాడు. దీనికీ ఐదు వేళ్ళు.

ఏమిటిదని అడిగాడు. గోంగూరని నూకరాజు చెప్పాడు. పట్టుబడ్డ ప్రతివాడూ ఏదో ఒక కూర పేరే చెబుతాడని ఎస్సై అన్నాడు. నూకరాజుకి నవ్వొచ్చింది. ఇంత చదువుకున్నాయనకి ఆకు తెలియకపోవడమేమిటనుకుని, నాలుగు రెబ్బలు తుంచి నోట్లో వేసుకుని నమిలి చూపించాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది. పంచనామాలో ఆ సంగతి ఇలా ఎక్కింది: "ముద్దాయి మా సమక్షముననే సదరు మత్తు పదార్థమును సేవించి, వికృతముగా కన్ను మూయుటయైనది."

తూకం పద్దెనిమిది కిలోలు వచ్చింది. నమూనా ప్రయోగశాలకు వెళ్ళింది. అక్కడి నిపుణుడు నిజాయితీపరుడు. ఆకుని చూసి, దాని శాస్త్రీయ నామం ఉన్నదున్నట్టు రాశాడు: హైబిస్కస్ కన్నాబినస్. గోంగూరకి పుస్తకాల్లో ఉన్న పేరు అదే. గంజాయి పేరు కన్నాబిస్. కింది కోర్టులో ప్రాసిక్యూటరుగారు ఆ రెండు మాటలూ పైకి చదివి వినిపించి కూర్చున్నారు. నూకరాజు తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు ఆ రోజు పెళ్ళికి వెళ్ళాడు. ఒక్క 'న' అక్షరం అధికంగా ఉన్నంత మాత్రాన ముద్దాయి లబ్ధి పొందజాలడనీ, అక్షరదోషాలు మానవ సహజమనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు ముప్పై ఒక్క పేజీలు. గోంగూర అన్న మాట ఒక్కచోట కూడా లేదు. 'సదరు హరిత పదార్థము' అని నూట పన్నెండుసార్లు ఉంది.

నూకరాజు బోనులో నిలబడి అదంతా విన్నాడు. పదేళ్ళన్నప్పుడు పెద్దగా చలించలేదు. అది ఎవరికో వేశారనుకున్నాడు. హరిత పదార్థమన్నప్పుడల్లా మాత్రం తల ఎత్తి చూశాడు.

జైల్లో కొత్త ఖైదీకి పని కేటాయించేటప్పుడు పూర్వపు వృత్తి అడుగుతారు. నూకరాజు చెప్పాడు. సూపరింటెండెంటు సంతోషించి తోటపని ఇచ్చాడు. ఆరు నెలలు తిరిగేసరికి జైలు వెనక రెండు మళ్ళనిండా గోంగూర ఏపుగా లేచింది. వారానికి మూడుసార్లు నాలుగొందల మంది ఖైదీలకు అదే పప్పు. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి కంచంలో వేళ్ళు నాకి, సందర్శకుల పుస్తకంలో రాశాడు: "ఖైదీ పైలా నూకరాజు ఇచ్చటి సంస్కరణ వాతావరణము వలన గంజాయి మార్గమును విడనాడి గోంగూర మార్గమునకు మళ్ళుట మిక్కిలి హర్షణీయము."

ఆ పుస్తకాన్ని సాక్ష్యంగా కోర్టుకి పంపమని నూకరాజు బతిమాలుకున్నాడు. సందర్శకుల పుస్తకం సందర్శకులదనీ, ఖైదీలకు సంబంధించినది కాదనీ చెప్పారు.

బయట అతని భార్య మరిడమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి వెళుతూనే ఉంది. పదిహేడేళ్ళుగా గోంగూర నూకరాజు పెళ్ళామన్నవాళ్ళు ఇప్పుడు గంజాయోడి పెళ్ళామంటున్నారు. ఒకరోజు మోటారుసైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, గొంతు తగ్గించి, అసలు సరుకేమైనా ఉందా అని అడిగారు. మరిడమ్మ ఉందని చెప్పి రెండు కట్టలిచ్చింది. మర్నాడు వాళ్ళు తిరిగొచ్చి, కాల్చితే దగ్గు తప్ప ఏమీ రాలేదని తగువు పడ్డారు. ఆ మాటే కోర్టుకొచ్చి చెప్పండిరా అని ఆమె వాళ్ళ వెంటపడింది. బండి దొరకలేదు.

ఆ సాయంత్రమే ఆమె పట్నం బస్సెక్కి వకీలు తాతాజీ దగ్గరకు వెళ్ళింది. చింతలపాటి తాతాజీ ముప్పై ఐదేళ్ళవాడు, అప్పీళ్ళు బాగా వాదిస్తాడని పేరు. వాళ్ళమ్మ నాగులమెట్టలో నూకరాజు దగ్గర తప్ప గోంగూర కొనదు. కాగితాలన్నీ చదివి, రెండు రోజుల తర్వాత జైలుకి వచ్చి నూకరాజుని కలిశాడు.

"నూకరాజూ, ఒక్కటి గుర్తుంచుకో. పై కోర్టులో ఆకు సంగతి ఎత్తకూడదు."

నూకరాజుకి అర్థం కాలేదు. "అది గోంగూర కదా బాబూ."

"నాకు తెలుసు. ప్రాసిక్యూటరుకీ తెలుసు. జైల్లో మీరందరూ తింటున్నారు. కానీ ఆకు గంజాయేనని కింది కోర్టు తేల్చేసింది, అప్పుడు నీ వకీలు కోర్టుకే రాలేదు. అది ముగిసిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే, నీ బండిని ఆపే హక్కు వాళ్ళకి ఉందా లేదా."

"గోంగూర అని సెప్తే సాలదేటండీ?"

చాలదనీ, నిజం చెప్పడానికి ఒక కోర్టు ఉంటుందనీ, అది దాటిపోయాక వాదించడానికి ఇంకో కోర్టు ఉంటుందనీ తాతాజీ ఓపిగ్గా వివరించాడు. తర్వాత సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది ఎస్సై రాసిన ఫిర్యాదు. అందులో "మమ్ములను గాంచి బండి ఆగినది" అని ఉంది. రెండోది అదే రోజు, అదే చోట, అదే పెన్నుతో రాసిన పంచనామా. అందులో "బండిని ఆపడమైనది" అని ఉంది. ఆగినదంటే తనంతట తాను ఆగిందని. ఆపడమైనదంటే వాళ్ళు ఆపారని. వాళ్ళు ఆపి ఉంటే ఎందుకు ఆపారో ముందుగా రాసుకుని ఉండాలి. రాసుకోలేదు. అంచేత నీ పదేళ్ళూ ఈ రెండు క్రియల మధ్య ఇరుక్కున్నాయని తాతాజీ చెప్పాడు.

పై కోర్టు ఆ అప్పీలుని విచారణకు తీసుకుంది. ధర్మాసనం ఒకే ఒక ప్రశ్న నిర్ణయించింది: బండి ఆగినదా, ఆపడమైనదా?

ప్రభుత్వం తరఫున సీనియరు ప్రాసిక్యూటరు సీతాపతిరావుగారు లేచి, పోలీసువారు రోడ్డు పక్కన నిలబడ్డారే తప్ప ఏమీ చెయ్యలేదనీ, పౌరుడే తనంతట తాను నడుపుకుంటూ చట్టం ముందుకు వచ్చి ఆగాడనీ, ఇటువంటి స్వచ్ఛంద సహకారాన్ని ప్రోత్సహించాలే తప్ప శంకించరాదనీ వాదించారు. తాతాజీ పంచనామా చూపించాడు. ధర్మాసనం ఎస్సైని పిలిపించింది.

శరభేశ్వరరావు బోనెక్కి, తాను చెయ్యెత్తిన మాట నిజమేనన్నాడు. ఎందుకెత్తావని తాతాజీ అడిగాడు. అనుమానం వచ్చిందన్నాడు. ఏం అనుమానమంటే, బండి బాగా నెమ్మదిగా వస్తోందనీ, ఎడమ పక్కనే వస్తోందనీ, డ్రైవరు ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడనీ చెప్పాడు.

"మా రోడ్డు మీద హారను కొట్టకుండా వచ్చినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు సార్. ఏదో ఉందనిపించింది."

అయితే ఆపారన్నమాట అని తాతాజీ అన్నాడు. వెంటనే సీతాపతిరావుగారు లేచి, చెయ్యెత్తుట వేరు, ఆపుట వేరు, ఆ చెయ్యి నమస్కారానికో చెమట తుడుచుకోడానికో లేచి ఉండవచ్చన్నారు. విషయం భాషలోకి వెళ్ళిపోయిందని గ్రహించి, ధర్మాసనం ఒక వ్యాకరణ పండితుణ్ణి నిపుణుడిగా పిలవమంది.

విద్వాన్ కొమాండూరి నరసింహాచార్యులుగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కాలేజీలో వ్యాకరణం చెప్పి రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. సమన్లు చూసి ఆయన కళ్ళు చెమర్చాయట. కొత్త ఉత్తరీయంతో వచ్చి, రెండు గంటలు నిలబడి చెప్పారు. ఆగు అకర్మకం, ఆపు సకర్మకం. అంతవరకు అందరికీ అర్థమయింది. 'ఆపడమైనది' అన్న ప్రయోగం మాటేమిటని ధర్మాసనం అడిగింది.

"అది వ్యాకరణంలో లేదండి. పోలీసు స్టేషన్లలోనే ఉంది. అందులో క్రియ ఉంటుంది, కర్మ ఉంటుంది, కర్త మాత్రం కనపడడు."

"కర్త ఎక్కడున్నట్టు?"

"పరారీలో ఉన్నాడు. వెతకడం నా పని కాదు, పోలీసువారిది."

కర్తను వెతకడానికి ధర్మాసనం ఎస్సైకి నాలుగు వారాల గడువిచ్చింది.

ఈలోగా ఈ కబురు పోలీసు శాఖలో పాకింది. కేసు తేలేదాకా ఏ వాహనాన్నీ ఆపరాదనీ, వాహనములు తమంతట తామే ఆగునట్టి వాతావరణమును కల్పించవలెననీ ఒక సర్క్యులరు వచ్చింది. వాతావరణం ఎలా కల్పించాలో అందులో లేదు. శరభేశ్వరరావు బుర్ర బద్దలుకొట్టుకుని, చెక్‌పోస్టు దగ్గర మజ్జిగ చలివేంద్రం పెట్టి, పైన 'ఆగండి' అని బోర్డు కట్టాడు. పోలీసు శాఖ న్యాయవిభాగమే అభ్యంతరం చెప్పింది. ఆగండి అన్నది ఆజ్ఞార్థకం, కాబట్టి ఆపడం కిందికే వస్తుంది. బోర్డు మార్చి 'ఆగిన వారికి మజ్జిగ' అని రాయించారు. చుట్టుపక్కల పది ఊళ్ళ లారీలు అక్కడ ఆగి మజ్జిగ తాగి వెళ్ళాయి. ఎవరినీ ఏమీ అడగడానికి వీల్లేక కానిస్టేబుళ్ళు గ్లాసులు కడిగారు. ప్రతి శనివారం జిల్లా ఎస్సైలందరికీ ఆచార్యులుగారు సకర్మక క్రియల మీద తరగతి పెట్టారు. రెండు పరీక్షల్లో శరభేశ్వరరావుకి మొదటి మార్కు వచ్చింది. కర్త మాత్రం దొరకలేదు.

ఇక చేసేదిలేక ధర్మాసనం ఆనాటి సంఘటనను అదే స్థలంలో మళ్ళీ జరిపించి చూడమని ఒక వకీలుని కమిషనరుగా వేసింది. అదే బండి, అదే డ్రైవరు, అదే చెయ్యి. సదరు హరిత పదార్థము బదులు దానిని పోలిన ఆకు పద్దెనిమిది కిలోలు సమకూర్చవలెనని ఉత్తర్వు. పోలిన ఆకు కోసం వెతుక్కుంటూ కానిస్టేబులు రైతుబజారుకి వెళితే మరిడమ్మ దగ్గరే దొరికింది.

ఆమె కట్టలు తనే పట్టుకుని చెక్‌పోస్టుకి వచ్చింది. జైలు వ్యానులోంచి నూకరాజుని దించారు. ఏడాదిన్నరలో మనిషి సగమయ్యాడు. స్టేషను వెనక పడున్న బండి మీద కాకరతీగ అల్లుకుని రెండు కాయలు కూడా కాసింది. నూకరాజు ఆ తీగని తెంపకుండా విడదీసి కంచె మీదికి పాకించాడు. మరిడమ్మ కట్టలు సర్దుతున్నట్టు నటిస్తూ పక్కకు వచ్చి, కూడు తింటున్నావా మావా అంది. తింటున్నానన్నాడు. ఏ కూరని అడిగితే చెప్పలేదు. కట్టలోంచి ఒక రెబ్బ తీసి వాసన చూసి, ఏటిగట్టు కింద అప్పలకొండ మడిలో ఆకు బాగా వచ్చిందే అన్నాడు. అంతలో కమిషనరు ఈల వేశాడు.

మొదటిసారి బండి కదల్లేదు. రెండోసారి కదిలింది గాని, చూడ్డానికొచ్చిన జనం అడ్డంగా ఉండడం వల్ల ఎస్సై చెయ్యెత్తకముందే ఆగిపోయింది. మూడోసారి బండి సాఫీగా వచ్చింది. శరభేశ్వరరావు చట్టబద్ధంగా చెయ్యెత్తాడు. నూకరాజు బ్రేకు తొక్కాడు. ఏడాదిన్నర వానకి తడిసిన బ్రేకు నేలకంటుకుపోయింది. బండి ఎస్సై పక్కనుంచి, కమిషనరు కుర్చీ పక్కనుంచి, మజ్జిగ కుండల మీదుగా వెళ్ళి, రోడ్డు పనికని పోసిన ఇసుకకుప్పలో దూరి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అందరూ నిపుణుడి హోదాలో వచ్చి ఉన్న ఆచార్యులుగారి వైపు చూశారు. ఆయన ఉత్తరీయం మీది మజ్జిగ దులుపుకుని, సందేహం లేదు, ఇసుకకుప్ప ఆపింది, కర్త స్పష్టంగా కనపడుతున్నాడు అన్నారు. కమిషనరు అది రాసుకున్నాడు. ఇసుకకుప్ప ఆనాడు అక్కడ లేదని తాతాజీ అభ్యంతరం రాయించాడు. అది మునిసిపాలిటీదా, రోడ్ల శాఖదా తేలేదాకా దాన్ని కదపరాదని స్టే వచ్చింది.

చివరికి నూకరాజునే అడిగి తేల్చుకుందామని ధర్మాసనం అతన్ని పిలిపించింది. అంతకుముందే తాతాజీ అతనికి మూడుసార్లు చెప్పాడు, ఆపారని మాత్రమే అను, ఇంకొక్క మాట అనకు అని. అది నిజమా కాదా అని నూకరాజు రెండు వారాలు గోంగూర మళ్ళలో కలుపు తీస్తూ ఆలోచించాడు. ఆ రోజు ఎస్సై చెయ్యి ఎత్తడమూ గుర్తుంది, తన కాలు బ్రేకు మీదికి పోవడమూ గుర్తుంది. ఎంత తవ్వుకున్నా ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో గుర్తు రాలేదు.

ప్రధాన న్యాయమూర్తి కళ్ళద్దాలు సర్దుకుని, బండి ఆగిందా ఆపారా, ఒక్క మాటలో చెప్పమన్నారు.

"బాబూ, ఆరు సెయ్యెత్తినారు. నాను కాలేసినాను. ఏది ముందో నాకు తెల్దు. పోలీసోరు సెయ్యెత్తితే మాలాంటోళ్ళకి కాలు దానంతటదే పడిపోద్ది." నూకరాజు అక్కడ ఆగాడు. తాతాజీ కళ్ళతోనే చాలన్నాడు. అయినా నూకరాజు ఆపుకోలేకపోయాడు. "అది గోంగూర బాబూ."

"చివరి వాక్యం అప్రస్తుతం. కొట్టివేయండి," అన్నారు న్యాయమూర్తి. స్టెనో కొట్టేసింది.

తీర్పు తొంభై నాలుగు పేజీలు వచ్చింది. చెయ్యి ఎత్తినది ప్రభుత్వం, బ్రేకు తొక్కినది పౌరుడు. అయితే ప్రభుత్వానికి జడిసి పౌరుడు తొక్కిన బ్రేకు ప్రభుత్వం తొక్కినట్టే. కాబట్టి బండి ఆగలేదు, ఆపడమైనది. కారణం రాసుకోకుండా ఆపారు కాబట్టి ఆపడం చెల్లదు, ఆపడం చెల్లదు కాబట్టి ఆ తర్వాత జరిగినదేదీ జరగలేదు. శిక్ష రద్దు. సదరు హరిత పదార్థము యొక్క స్వభావం గురించి మాత్రం తామెట్టి అభిప్రాయమునూ వెలిబుచ్చుట లేదని ఆఖరి పేజీలో రాశారు.

నూకరాజు జైలు గేటు దాటేటప్పుడు వార్డర్లు బాధపడ్డారు. రెండేళ్ళ నాలుగు నెలల తర్వాత అతను ఇంటికొచ్చాడు. గెలిచావని అందరూ అంటున్నారు గాని, ఏం గెలిచాడో అతనికి స్పష్టంగా తెలియలేదు. ఆకు గంజాయేనట. తను తెచ్చింది నిజమేనట. ఆపిన తీరు మాత్రం తప్పట. బజారులో జనం చూసి నవ్వి, భలే తప్పించుకున్నావురా అని భుజం తట్టారు. ఆ మాటకి అతను జైల్లో కూడా పడనంత బాధపడ్డాడు.

తీర్పులో ఇంకొక ముక్క ఉంది. స్వాధీనపరచుకొనిన సరుకును, ఎవరి వద్దనుండి తీసుకొనిరో వారికే, పదిహేను దినములలోగా కోర్టు ఆవరణలో అప్పగించవలెను. పదిహేనో రోజున నాగులమెట్ట కోర్టు నుంచి కబురొస్తే నూకరాజు, మరిడమ్మ, వెంట తాతాజీ వెళ్ళారు.

కోర్టు సరుకులకు అధిపతి నాజరు సోమయాజులుగారు. ఆయన బల్ల మీద మూడు పెద్ద జాడీలున్నాయి, మూతులకు గుడ్డ కట్టి, లక్క సీళ్ళు వేసి. త్వరగా పాడయ్యే సాక్ష్యాన్ని తగు పద్ధతిలో నిల్వచేయాలని పోలీసు నిబంధన. ఆనాడు ఆకు వాడిపోతుంటే స్టేషను హెడ్డుగారు పైవారికి ఫోను చేశారు. అటువంటి ఆకును నిల్వచేయడానికి స్థానికంగా ఏ పద్ధతి వాడుకలో ఉంటే అదే అనుసరించమన్నారు. వాడుకలో ఉన్న పద్ధతి ఒక్కటే. పోలీసు మెస్సులో నూనె కాచి, ఎండుమిరపకాయలూ మెంతులూ వెల్లుల్లీ వేసి, సాక్ష్యాన్ని నిల్వచేశారు.

నాజరుగారు రసీదు ముందుకు జరిపారు. 'గంజాయి, పద్దెనిమిది కిలోలు, నిల్వచేయబడిన స్థితిలో ముట్టినది' అని ఉంది. నూకరాజు పెన్ను తీసుకున్నాడు. తాతాజీ లాక్కున్నాడు.

సంతకం పెట్టిన క్షణం నుంచి గంజాయి నూకరాజు చేతిలో ఉన్నట్టు. గేటు దగ్గర శరభేశ్వరరావు పంచనామా సాక్షులుగా ఇద్దరు పంచాయతీదార్లని వెంటేసుకుని ఎండలో నిలబడి ఉన్నాడు, చేతిలో ముందుగానే రాసుకున్న కారణాలతో. పోనీ తీసుకోనంటే పై కోర్టు ఉత్తర్వు ధిక్కరించినట్టు. ఇక్కడే వదిలేసి పోతారా అంటే, నాజరుగారి మొహం పాలిపోయింది. సాయంత్రం ఐదు దాటితే గడువు తీరిపోతుంది. ఆ తర్వాత ఏ ఉత్తర్వూ లేకుండా పద్దెనిమిది కిలోల గంజాయి ఆయన బీరువాలో ఉన్నట్టు. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్న మనిషి.

ముగ్గురూ తలలు పట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం భోజన విరామం గంట కొట్టారు.

మరిడమ్మ ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింది. లోపలికొచ్చి, ఇందులో ఏది పట్టికెళ్తే నేరమని తాతాజీని అడిగింది. జాడీలో ఉన్నదన్నాడు. జాడీ పట్టికెళ్తేనో అంది. జాడీ నేరం కాదన్నాడు. ఆమె తిన్నగా కోర్టు క్యాంటీనుకి వెళ్ళి, వేడి అన్నం గుండిగా, ఉల్లిపాయలూ, విస్తరాకులూ పట్టించుకొచ్చి వరండాలో పరిచింది. జాడీ సీలు పగలగొట్టింది.

తాతాజీ కంగారుపడ్డాడు. "అమ్మా, సేవించడం కూడా నేరమే. దానికి వేరే సెక్షనుంది."

"ఎవరు పట్టుకుంటారు బాబూ?"

"గేటు దగ్గర ఎస్సైగారు."

"అయితే ముందు ఆరికే వడ్డిస్తాను."

రెండేళ్ళ నాలుగు నెలలు నూనెలో ఊరిన వాసన వరండా దాటి, కక్షిదారుల చెట్లకింద తిరిగి, గేటు దాకా వెళ్ళింది. శరభేశ్వరరావు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఎవరూ ఆయన్ని ఆపలేదు, ఎవరూ పిలవలేదు. తనంతట తానే వచ్చి విస్తరి ముందు ఆగాడు. వెనకే పంచాయతీదార్లు. నాజరుగారు ముందు గోడవైపు తిరిగి తిన్నారు, తర్వాత ఇటే తిరిగారు. గుమాస్తాలు, బంట్రోతులు, వాయిదాకి వచ్చిన జనం వరసగా కూర్చున్నారు. జడ్జిగారి డఫేదారు వచ్చి, ఆ వాసనేమిటో అయ్యగారు కనుక్కోమన్నారని గిన్నె చాపాడు. మరిడమ్మ గిన్నె నింపింది.

రెండో జాడీ సగమయ్యేసరికి శరభేశ్వరరావు మూడోసారి అన్నం పెట్టించుకుని, ముద్దలో ఉల్లిపాయ ముక్క నంజుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "గోంగూర అంటే ఇదీ," అన్నాడు.

నూకరాజు చేతిలో ముద్ద అక్కడే నిలిచిపోయింది. మెల్లగా తాతాజీ వైపు తిరిగాడు. "ఇన్నారా బాబూ."

"విన్నాను," అన్నాడు తాతాజీ. "భోజన విరామంలో అన్న మాట రికార్డుకెక్కదు. నువ్వు తిను."

నూకరాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంతోసేపు నమిలాడు. చుట్టూ నలభైమంది వేళ్ళు నాకుతున్నారు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారి విస్తట్లో పడ్డాయి. కారం వల్లనుకుని ఎవరో మజ్జిగ అందించారు.

"ఎర్రకాడ ఆకండి. ఉప్పే రవ్వంత ఎక్కువేసినారు," అని, మూడో జాడీ అడుగు కూడా కనపడ్డాక లేచి చెయ్యి కడుక్కుని, ఖాళీ జాడీలు మూడు ముట్టినవని నాజరుగారు ఎడంచేత్తో దిద్దిన రసీదు మీద సంతకం పెట్టాడు.